మూడున్నర సెంట్లకి హోమ్ లోన్ తెచ్చుకున్న కథ

మొన్న షాపుకి బోరు మోటార్ వైండింగ్‌కి తెచ్చిన ఒకాయన "అన్నా నీకు ఇంటి లోన్ వచ్చిందంట కదా, ఎవర్ని పట్టుకున్నావ్" అని అడిగాడు. ఇట్లా అడిగినోళ్ళలో ఈయన ఆరోవాడో ఏడోవాడో. ఎవర్నీ పట్టుకోలేదన్నా, పదకొండు నెలలు తిరిగా అంటే నమ్మట్లా, ఏదో దాస్తున్నాననుకుంటున్నారు. అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నా, కొంచెం పెద్దగానే ఉంటది.

మాది అప్పటి ప్రకాశం జిల్లాలో పడమటి వైపు, నల్లమల అంచు ఊరు. ఇల్లు తాత కట్టిన మట్టి మిద్దె. దూలాలు, దంతెలు, వాటి మీద చౌడు మన్ను, ఏటా వానలకి ముందు మళ్ళీ చౌడు తెచ్చి పైన పోసి తొక్కితేనే కారకుండా ఉంటది. ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళూ లేరు, చౌడు తవ్వుకోనిచ్చే వాళ్ళూ లేరు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాకేంలే అనుకున్నాం, ముసురు పట్టి వదల్లేదు, మూడోరోజు తెల్లారుజామున వెనక గోడ కూలింది. గేదెల కొట్టం వైపు పడింది కాబట్టి బతికిపోయాం, గేదెలు కూడా.

సరే, కట్టాలి. మూడున్నర సెంట్ల స్థలం, రెండు గదులు హాలు వంటిల్లు, మేస్త్రి పద్దెనిమిది లక్షలు అన్నాడు. చేతిలో నాలుగుంది. మిగతా పద్నాలుగు ఎక్కడ?

అందరూ ముందు చెప్పేది గవర్నమెంట్ ఇల్లు. కేంద్రం గ్రామీణ ఆవాస్ కింద ఇచ్చేది మైదాన ప్రాంతంలో లక్షా ఇరవై వేలు, దానికి బేస్‌మెంట్ దాటి పైకి రాదు, అయినా ఇస్తే ఎవరొద్దంటారు. గ్రామ సచివాలయంలో చూపిస్తే అమ్మ పేరు మీద పాత కాలనీ ఇల్లు శాంక్షన్ అయినట్టు ఉంది. అది బాబాయ్ వాళ్ళది, అప్పుడు రేషన్ కార్డు ఉమ్మడిగా ఉండేది. అది సరిచేయించడం ఇంకో కథ, వదిలేద్దాం.

ఇంక బ్యాంకులు. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు, సిండికేట్ బ్యాంకు లాంటి పేర్లు పోయి పెద్ద బ్యాంకుల్లో కలిశాయి కదా, హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకి పాస్‌బుక్ రంగు మారిందంతే, చిన్న ఊళ్ళల్లో రెండు తలుపులు ఉన్నచోట ఒకటి మిగిలింది. మా మండలంలో ఇప్పుడు బ్రాంచీలు రెండే. ఒకళ్ళు కాదంటే రెండో వాళ్ళ దగ్గరికి పోవాలి, వాళ్ళూ కాదంటే ఇంటికి పోవాలి.

సంక్రాంతి అయ్యాక మొదటి బ్రాంచీకి పోయా. మేనేజర్‌ది బీహార్, మంచి కుర్రోడే, ఆయనకి తెలుగు రాదు నాకు హిందీ రాదు, మధ్యలో బంగారం తూకం వేసే అప్రైజర్ కూర్చుని ఆయన మాట నాకు, నా మాట ఆయనకి చెప్పాడు. బంగారం లోన్ కావాలా గంటలో ఇస్తాం, పంట లోన్ కావాలా ఇస్తాం, ఇంటి లోన్ మాత్రం రెండేళ్ళుగా ఈ బ్రాంచీలో ఒక్కటీ చెయ్యలేదు, ఫైల్ పంపితే ఒంగోలు నుంచి వెనక్కే వస్తది అన్నాడంట. అన్నాడంట అని ఎందుకంటున్నానంటే ఆయన హిందీలో రెండు నిమిషాలు చెప్తే అప్రైజర్ తెలుగులో రెండు ముక్కల్లో తేల్చేశాడు.

రెండో బ్రాంచీలో "మీ ఊరు మా సర్వీస్ ఏరియా కాదు" అన్నారు. ఏంటీ సర్వీస్ ఏరియా అని తర్వాత కూర్చుని వెతికా. 1989లో రిజర్వ్ బ్యాంక్ పల్లెల్లో ఒక్కో బ్రాంచీకి కొన్ని ఊళ్ళు పంచి ఇచ్చింది, ఈ ఊళ్ళ అప్పులు మీరే చూసుకోండని. 2004లో గవర్నమెంట్ స్కీముల వరకు ఉంచి మిగతా వాటికి ఆ కట్టుబాటు తీసేసింది. తీసేసి ఇరవై ఏళ్ళయింది, కౌంటర్‌లో మాత్రం అది అట్లాగే ఉంది, కాదని చెప్పడానికి బాగా పనికొస్తది మరి. నాకు అప్పుడు ఈ సంగతి తెలీదు, తలూపి వచ్చేశా.

నాయన ఏమన్నాడంటే, రెండెకరాల చేనుంది కదరా, దాని పాస్‌బుక్ పెట్టు. అదీ అడిగా. ఇంటి లోన్‌కి చేను పనికిరాదు. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం అని ఒకటుంది, అప్పు కట్టకపోతే బ్యాంకు కోర్టుకి పోకుండానే ఆస్తి స్వాధీనం చేసుకుని వేలం వెయ్యొచ్చు, వ్యవసాయ భూమికి మాత్రం ఆ చట్టం వర్తించదు, అంటే చేను తాకట్టు పెట్టుకుంటే రేపు తేడా వస్తే బ్యాంకు కోర్టు చుట్టూ తిరగాలి. రైతుని కాపాడటానికి పెట్టిన రూలే, రైతు ఇల్లు కట్టుకుందామంటే అడ్డం వచ్చింది. నాయనకి ఇది చెప్తే "అయితే చేను కన్నా కూలిపోయిన కొంప ఎక్కువా వాళ్ళకి" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

బయట అప్పు ఉండనే ఉంది. తెలిసినవాళ్ళు నూటికి రెండు రూపాయలు, తెలియనివాళ్ళు మూడు. రెండు రూపాయలు అంటే వినడానికి ఏముందిలే అనిపిస్తది, ఏడాదికి ఇరవైనాలుగు శాతం అది. పద్నాలుగు లక్షలకి నెలకి ఇరవై ఎనిమిది వేలు వడ్డీకే పోతది, అసలు కదలదు. మా ఊళ్ళో అట్లా ఇళ్ళు కట్టి, గృహప్రవేశం అయిన మూడేళ్ళకి చేను అమ్ముకున్న వాళ్ళు ఇద్దరున్నారు.

అప్పుడు మా ఆవిడ అంది, నా జీతం పడే బ్యాంకులో అడుగుదాం అని. ఆమె టౌన్‌లో ప్రైవేట్ ఆసుపత్రిలో నర్సు, నెలకి పద్నాలుగు వేలు అకౌంట్‌లో పడతది. ముప్పై ఐదు కిలోమీటర్లు. అక్కడ మేనేజర్ మేడం కాదనలేదు, అవుననలేదు, డిపాజిట్ స్లిప్ వెనక్కి తిప్పి లిస్ట్ రాసిచ్చింది. అది ఇప్పటికీ నా పర్సులో ఉంది. లింక్ డాక్యుమెంట్లు (స్థలం చేతులు మారిన పాత దస్తావేజులు), ముప్పై ఏళ్ళ ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల లెక్క), పంచాయతీ ప్లాన్ అప్రూవల్, ఇంటి పన్ను రసీదులు, ఎస్టిమేషన్, ఇద్దరివీ ఐటీ రిటర్నులు, ఆరు నెలల స్టేట్‌మెంట్. "ఇవి తెస్తే లాయర్‌కి పంపుతా, లాయర్ సరే అంటే నాకేం అభ్యంతరం లేదు" అంది.

మా దగ్గర ఉన్నదేంటి? ట్రంకు పెట్టెలో 1968 నాటి చీటీ, రూపాయిన్నర స్టాంపు కాగితం మీద తాత ఈ స్థలం కొన్నట్టు రాసుకున్నది, రిజిస్ట్రేషన్ లేదు. ఇంటి పన్ను రసీదులు ఓ పది. నాయన, బాబాయ్ పంచుకున్నప్పుడు పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసిన పంపకాల కాగితం, అందులో సాక్షి సంతకాలు పెట్టిన ముగ్గురిలో ఇద్దరు లేరు. ఈసీ తీస్తే నిల్. ఏమీ లేదు. మా స్థలం మీద ఈ ముప్పై ఏళ్ళలో ఎవరూ ఏమీ చెయ్యలేదు, ఆఫీసు లెక్కలో అసలు అక్కడ స్థలమే లేదు.

దీనికి కారణం గ్రామకంఠం. సిటీలో పుట్టినవాళ్ళకి ఈ మాట తెలిసుండదు. పాత సర్వేలో పొలాలకి నంబర్లు వేసుకుంటూ వచ్చి, ఊరు ఉన్నచోటికి వచ్చేసరికి ఊరంతా కలిపి ఒకే నంబర్ వేసి గ్రామకంఠం అని రాసి వదిలేశారు. అందులో ఎవరి ఇల్లు ఎంత అని లేదు, పొలానికి ఉండే అడంగల్ (ఎవరి చేతిలో ఉందో రాసే రెవెన్యూ లెక్క) ఉండదు, పాస్‌బుక్ ఉండదు. చాలా ఊళ్ళల్లో ఆ నంబర్ మొత్తం రిజిస్ట్రేషన్ చెయ్యకూడని నిషేధిత జాబితాలో, అదే 22ఏ అంటారే దాంట్లో పడి ఉంది. చేనుకి ఉన్న గతి కూడా మేం పడుకునే చోటికి లేదు. 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ అని కేంద్రం మొదలుపెట్టింది ఇందుకే, ఇళ్ళ చుట్టూ సున్నం గీతలు గీసి డ్రోన్ ఎగరేసి ఇంటింటికీ ప్రాపర్టీ కార్డు ఇవ్వడానికి. మా ఊళ్ళోనూ గీతలు గీశారు, డ్రోన్ ఎగిరింది, పిల్లలు వెంట పరిగెత్తారు. గీతలు వానకి కొట్టుకుపోయాయి, కార్డు నా లోన్ అయ్యేలోపు రాలేదు.

లాయర్ దగ్గరికి పోయా. బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న లాయర్ ఒంగోలులో ఉంటాడు, బస్సులో పోనూ నాలుగు గంటలు రానూ నాలుగు గంటలు. ఫీజు మనమే ఇవ్వాలి. "మన కొంప వాళ్ళకి తాకట్టు పెట్టుకుంటా, వాళ్ళ లాయర్‌కి మనం డబ్బులియ్యడమేందిరా" అని నాయన. నాకూ అదే అనిపించింది కానీ ఆ లాయర్ చాలా పనికొచ్చే మాట చెప్పాడు. పాత చీటీని ఇప్పుడు మార్చలేం, ఇప్పటికైనా రిజిస్టర్ పంపకాలు చేసుకోండి, పంచాయతీ నుంచి ఇంటి నంబర్, చెక్కుబందీతో (అంటే నాలుగు వైపులా హద్దులతో) ఓనర్‌షిప్ సర్టిఫికెట్, తహసీల్దార్ నుంచి పొజిషన్ సర్టిఫికెట్ తెండి, ఆ స్థలం 22ఏలో లేదని చూసుకోండి, అప్పుడు నేను ఒపీనియన్ రాస్తా అన్నాడు. మీ మేనత్త సంతకం కూడా కావాలి అన్నాడు.

అత్త సంతకం అనేసరికి బాబాయ్ లేచాడు. ఆడపిల్లలకి ఆస్తి హక్కు ఎన్టీఆర్ తెచ్చింది 1985లో, అక్కకి పెళ్ళైంది అంతకు ముందు, ఆమెకి వర్తించదు అని. లాయర్ నవ్వి, అది పిత్రార్జితం సంగతయ్యా, ఇది మీ నాన్న సొంతంగా కొన్నది, వీలునామా లేకుండా పోయాడు, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కొడుకులతో పాటు కూతురికీ సమానంగా వస్తది అన్నాడు. మా ఇంట్లో యాభై ఏళ్ళుగా ఎవరికీ ఈ ముక్క తెలీదు. అత్తకి తెలుసా అంటే, తెలుసనే నా అనుమానం.

అత్త ఉండేది బళ్ళారిలో. ఫోన్లో కాదని నేనూ నాయనా పోయాం, అరిసెలు తీసుకుని. అంతా విని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "సంతకం పెడతా, అమ్మ ఇత్తడి గంగాళం మాత్రం నాకియ్యాలి" అంది. ఆ గంగాళం నలభై ఏళ్ళుగా మా వంటింట్లో ఉంది, మా అమ్మ దాంట్లో బియ్యం పోస్తది. అది తనదని అత్త ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉందని మాకు ఆ రోజే తెలిసింది. రిజిస్ట్రేషన్ రోజు వచ్చి హక్కు విడుదల చేసినట్టు సంతకం పెట్టి, సాయంత్రం బస్సులో గంగాళం పక్క సీట్లో పెట్టుకుని పోయింది. దానికి కూడా కండక్టర్ టికెట్ కొట్టాడంట.

మధ్యలో ఎలక్షన్లు. మార్చి 16న కోడ్ వచ్చింది, మే 13న పోలింగ్, జూన్ దాకా తహసీల్దార్ ఆఫీసులో ఎవరి కుర్చీలో వాళ్ళు లేరు. కొత్త ప్రభుత్వం వచ్చి తహసీల్దార్ మారి, ఈయనకి మొదట్నుంచి చెప్పుకుని, ఈలోపు ఆషాఢం వచ్చింది, నాయన ఆషాఢంలో కాగితం రాయనన్నాడు. శ్రావణంలో పంపకాలు రిజిస్టర్ అయ్యాయి, వారం తర్వాత నాయన తన వాటా నా పేరున దాన సెటిల్‌మెంట్ రాశాడు. నాయన పేరు మీదే ఉంచొచ్చు కానీ ఆయన వయసు అరవై నాలుగు, ఆ వయసు లెక్కేస్తే లోన్ ఆరేళ్ళకి మించి ఇయ్యరు.

ఆదాయం సంగతి కూడా చెప్పాలి. షాపులో వచ్చేదంతా ఒకప్పుడు చేతికే, గల్లాపెట్టెలోనే. రెండేళ్ళ రిటర్నులు వేశా, అదీ మా ఆడిటర్ ట్యాక్స్ పడకుండా తక్కువ రాశాడు. నేను సంతోషించా అప్పుడు. బ్యాంకుకి చూపించేసరికి ఆ తక్కువే నా ఆదాయం అయి కూర్చుంది. కాపాడింది గోడకి అతికించిన క్యూఆర్ కోడ్, రైతులు ఫోన్లో కొట్టిన మూడు వందలు, ఐదు వందలు అన్నీ స్టేట్‌మెంట్‌లో కనపడ్డాయి, పైన మా ఆవిడ జీతం. ఆమె చిన్న జీతమే లోన్‌ని నిలబెట్టింది, నా షాపు కాదు. సొంత వ్యాపారం ఉన్నోళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇల్లు కట్టాలని ఉంటే రెండేళ్ళ ముందు నుంచే ఉన్న ఆదాయం ఉన్నట్టు రాయించుకోండి.

ఫైల్ సెప్టెంబర్‌లో ఇచ్చా. దసరా వచ్చినా కదల్లేదు. సరిగ్గా అప్పుడే ఒక హౌసింగ్ ఫైనాన్స్ కుర్రోడు బైక్ మీద షాపుకొచ్చాడు, ఎట్లా తెలుస్తదో వాళ్ళకి. "పేపర్ల గురించి టెన్షన్ పడొద్దన్నా, పంచాయతీ సర్టిఫికెట్ చాలు, పదిహేను రోజుల్లో డబ్బులు." వడ్డీ పదమూడున్నర. లాగిన్ ఫీజు 5,900, లోన్ రాకపోయినా తిరిగి రాదు. నిజం చెప్తున్నా, పెన్ను చేతిలోకి తీసుకున్నా. అంతగా విసిగిపోయి ఉన్నా. మా ఆవిడ ఫోన్ చేసి కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడుగు అంది. 2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి లోన్లకి అది తప్పకుండా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ రూల్, మనకి అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలి, ఫీజులు ఇన్సూరెన్స్ అన్నీ కలిపి అసలు ఏడాదికి ఎంత పడుతుందో అందులో ఒకే అంకెగా ఉంటది. అడిగితే ఆ అబ్బాయి ముఖం కొంచెం మారింది కానీ తెచ్చాడు పాపం. అరవై వేల పైన ఇన్సూరెన్స్ లోన్‌లోనే కలిపారు, మొత్తం లెక్క దాదాపు పదిహేను శాతం. పద్నాలుగు లక్షలకి పదిహేనేళ్ళు, వాళ్ళ దగ్గర నెలకి 18,176. బ్యాంకు చెప్పిన తొమ్మిది శాతానికి 14,200. నెలకి నాలుగు వేలు తేడా, 180 నెలలకి ఏడు లక్షల పైమాట. ఒక బెడ్‌రూమ్, వంటిల్లు పోయినట్టే. వాళ్ళని తిట్టడానికి రాయట్లేదు, చీటీ తప్ప ఏమీ లేనివాడికి వాళ్ళే దిక్కు, పేపర్ సరిచేసుకునే టైమ్ ఉన్నవాడు మాత్రం ఆగాలి అంటున్నా.

నవంబర్‌లో బ్యాంకు వాల్యూయర్, అంటే ఆస్తికి విలువ కట్టేవాడు, వచ్చాడు ఒంగోలు నుంచి కారులో. పది నిమిషాలు. ఫోటోలు తీశాడు, వీధి వెడల్పు కొలిచాడు, సెంటు ఎంత పలుకుతుందని అడిగాడు. మా ఊళ్ళో స్థలాలు అమ్ముకోరు కదా సార్, ఎట్లా చెప్పాలి అన్నా. అప్పుడాయన టీ తాగుతూ అసలు సంగతి చెప్పాడు. "మీరు కట్టరని కాదండీ బ్యాంకు భయం. కట్టకపోతే వేలం వెయ్యాలి. వేలానికి ఎవరొస్తారు? మీ ఊరోళ్ళే రావాలి. మీ బాబాయ్ ఇంటి పక్కిల్లు, మీ బాబాయ్ చూస్తుండగా ఎవరు పాడతారు?" పది నెలలుగా కౌంటర్లలో నాకు దొరకని సమాధానం ఇది. సిటీ ఫ్లాట్‌కి పేరు తెలియని కొనేవాడు ఉంటాడు, ఊళ్ళో అందరూ తెలిసినవాళ్ళే, అందుకే మా ఇంటికి విలువ లేదు.

డిసెంబర్‌లో శాంక్షన్ లెటర్. తాకట్టు దస్తావేజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి, అప్పు మొత్తం మీద అర శాతం స్టాంపు, దాని మీద ఫీజు, నాకు 8,400 అయింది, ఇది ముందు ఎవరూ చెప్పరు. మాఘంలో ముగ్గు పోశాం.

ఇంకో దెబ్బ విడతలు. బేస్‌మెంట్ అయ్యాక కొంత, లింటెల్‌కి కొంత, స్లాబ్‌కి కొంత. అంటే పని అయ్యాక ఇస్తారు. మేస్త్రి పనికి ముందు అడుగుతాడు. ఇసుక ఫ్రీ అన్నారు, ట్రాక్టర్ కిరాయి ఫ్రీ కాదు. స్లాబ్ ముందు వాల్యూయర్ ఖాళీ లేక రెండో విడత నలభై రోజులు ఆగింది, సెంట్రింగ్ కొట్టి పెట్టేశారు, దానికి రోజు బాడుగ. చివరికి నూటికి రెండు రూపాయలకి రెండు లక్షలు తెచ్చా, దేని నుంచి తప్పించుకోవాలని ఏడాది తిరిగానో దాని గడపే తొక్కా. సొంత డబ్బు నాలుగు లక్షలు మొదట్లోనే పునాదికి పెట్టేశా, అది నా తప్పు, కనీసం సగం స్లాబ్ దాకా దాచుకోవాల్సింది.

ఒక మంచి కూడా జరిగింది. ఇల్లు లేచేలోపే రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, తగ్గడం మొదలైంది, 2025 ఫిబ్రవరిలో, ఏప్రిల్‌లో పావు పావు శాతం, జూన్‌లో అర, డిసెంబర్‌లో ఇంకో పావు. 2019 అక్టోబర్ నుంచి బ్యాంకుల ఫ్లోటింగ్ (వడ్డీ మారే) ఇంటి లోన్లు రెపో లాంటి బయటి రేటుకి కట్టేసి ఉన్నాయి, కాబట్టి మనం అడగకపోయినా మూడు నెలల్లోపు తగ్గుద్ది. నాది తొమ్మిది నుంచి ఏడు ముప్పావుకి వచ్చింది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి ఆ రూల్ లేదు, ఆ రోజు పెన్ను పెట్టి ఉంటే ఇది నాకు వచ్చేదో లేదో. పెరిగినప్పుడు కూడా ఇట్లాగే పెరుగుద్దని మేడం ముందే చెప్పింది.

తాకట్టు రోజు నాయన వెంట వచ్చాడు. రిజిస్టర్ కాగితాలతో పాటు ఆ 1968 చీటీ కూడా ఇచ్చేయమన్నారు. అది ఇచ్చేటప్పుడు ఆయన చెయ్యి కొంచెం ఆగింది. బయటికొచ్చాక బస్టాండ్ దాకా మూడుసార్లు అడిగాడు, రసీదు ఇచ్చారా, రసీదులో చీటీ సంగతి రాశారా అని. రాశారు నాయనా, అప్పు తీరిన ముప్పై రోజుల్లో కాగితాలు తిరిగి ఇవ్వాలి, వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకి ఐదు వేలు మనకే కట్టాలి, 2023 డిసెంబర్ నుంచి రిజర్వ్ బ్యాంక్ పెట్టిన రూల్ అని చెప్పా.

ఆగి నా వైపు చూశాడు. "రోజుకి ఐదు వేలా? అయితే తొందరేం లేదని చెప్పు వాళ్ళకి."